పై కిటికీ, ఒంటిగంటా ఇరవై

ముందు నువ్వు చూసింది చెప్పు.

ఆ వీధి చివర మేడ ముందునుంచి నువ్వూ పోయే ఉంటావు. రాత్రిపూట, తల దించుకుని, అడుగు పెంచి. చెప్పు... ఏం చూశావు? ఎవరో చెబితే విన్నది నాకొద్దు. నువ్వు అనుకున్నదీ వద్దు. నీ రెండు కళ్లతో చూసింది చెప్పు, అంతే.

నోరు పెగలడం లేదా? ఫరవాలేదు. ఆ వీధిలో ఎవరికీ పెగల్లేదు.

ఆ మేడకు చెడ్డపేరుంది. కింద ఒక హాలు, వంటగది. హాల్లోంచి పైకి మెట్లు. పైన ఒకే ఒక్క గది, దానికి వీధివైపు ఒకే కిటికీ. అర్ధరాత్రి దాటితే ఆ కిటికీలో నీలం వెలుగు వస్తుందట. చచ్చిపోయిన కుట్టు టీచరమ్మ ఆ వెలుగులో కూర్చుని బట్టలు కుడుతుందట. ఆ బట్టలు ఎవరి కొలతకు సరిపోతే వాళ్లు నెల తిరక్కుండా మంచాన పడతారట...

ఎనిమిదేళ్లు ఇదే మాట.

నేను ఊరుకునే మనిషిని కాను. ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి అడిగాను. పాలాయన్ని అడిగితే, "నేను చూళ్లేదమ్మా, ఇస్త్రీ బండి ఆయన చూశాడు" అన్నాడు. ఇస్త్రీ బండి ఆయన, "నేనా? అయ్యో, నాకంత ధైర్యమా! చూసింది మందుల షాపు ఆయన. చూసి వారం జ్వరంతో పడుకున్నాడు" అన్నాడు. మందుల షాపు ఆయన నవ్వాడు. "జ్వరం నిజమే, దోమ కుట్టి వచ్చింది. వెలుగు చూసింది మాత్రం టీచరమ్మ మేనల్లుడు. ఆయనే చెప్పాడు నాకు."

అర్థమైందా? వీధి వీధంతా వణికిపోతోంది. చూసినవాడు ఒక్కడు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, విను.

నాకు ఒక్కడే తమ్ముడు. గోడలకు సున్నం వేస్తాడు, నీళ్ల ట్యాంకులు కడుగుతాడు. కుడిచేతి ఉంగరపు వేలు సగమే ఉంటుంది. చిన్నప్పుడు గిలకలో పడి నలిగిపోయింది. టీచరమ్మ చనిపోయిన రోజు పొద్దున వాడు ఆ ఇంట్లోనే పని చేశాడు. బ్లీచింగ్ పౌడర్ వేసి ట్యాంకు కడిగాడు, టీ తాగాడు, ఇంకో ఇంటికి పోయాడు. సాయంత్రానికి టీచరమ్మ మెట్ల కింద తల పగిలి పడి ఉంది.

"ఆ సున్నాలవాడు పరుగెత్తి పోవడం నేను చూశాను" అని మేనల్లుడు చెప్పాడు.

ఆ రాత్రి క్లూస్ టీమ్ వచ్చింది. నేరం జరిగిన చోట దొరికిన వస్తువులు, గుర్తులు, మరకలు ఫొటోలు తీసి, నంబర్లు వేసి, సంచుల్లో కట్టి తీసుకుపోయేవాళ్లు. వాళ్లకు పెద్ద ఒకాయన. తర్వాత్తర్వాత ఆయన్ని అందరూ కవర్లాయన అని పిలిచారు. ఎందుకో చెబుతాను.

ఆయన ఇంట్లో దీపాలన్నీ ఆర్పించి మెట్ల గోడ మీద ఒక మందు చల్లాడు. చీకట్లో గోడ మీద అరచేయి వెలిగింది. నీలంగా. నాలుగు వేళ్లు నిండుగా, ఒకటి సగం.

ఆయన పుస్తకంలో రాశాడు: 'మెట్ల గోడ మీద రక్తపు అరచేతి గుర్తు.'

దూదితో ఆ గుర్తును అద్ది దాచాలి. దాచడానికి కాగితపు కవర్లు అయిపోయాయి. తెల్లవారుజాము, అందరికీ నిద్రమత్తు. తడి దూదిని అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించాడు. ఆ పని చేసేవాళ్లు చేయకూడని తప్పుల్లో ఇది మొదటిదట. తడిది ఏదైనా ఆరబెట్టి కాగితంలోనే చుట్టాలి. ప్లాస్టిక్‌లో ఉక్కిరిబిక్కిరై బూజు పడుతుంది. పడింది. ల్యాబు వాళ్లు 'పరీక్షకు పనికిరాదు' అని తిప్పి పంపారు.

దూది పోయింది. మాట మిగిలింది. రక్తపు అరచేతి గుర్తు.

"గోడ పట్టుకున్నప్పుడు నా చేతికి ఉన్నది బ్లీచింగ్ పౌడరండీ" అని నా తమ్ముడు కోర్టులో గొంతు పోయేలా అరిచాడు. పుస్తకంలో రక్తం అని ఉంటే సున్నాలవాడి మాట ఎవరు వింటారు? యావజ్జీవం వేశారు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఇటుకలు మోసి బతికినదాన్ని. వాణ్ని ఏ మాట మీద లోపలేశారో నా కళ్లతో చదవాలని పట్టుబట్టి, అరవై దగ్గర పడ్డాక పలక పట్టుకున్నాను. పక్కింటి పిల్లలు నవ్వారు. నవ్వనీ! రెండేళ్లకు తీర్పు కాగితాలు ముందేసుకుని వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. పదిహేడో పేజీలో దొరికింది ఆ మాట.

ఆ పేజీ మడిచి రవికలో పెట్టుకుని కవర్లాయన ఇంటికి పోయాను.

తలుపు తీశాడు. నెరిసిన తల, చొక్కా జేబు నిండా కాగితపు కవర్లు. ఆ బూజు పట్టిన దూది సంగతి తెలిసిన రోజునుంచి జేబులో కవర్లు లేకుండా గడప దాటడట. కవర్లాయన అన్న పేరు అలా వచ్చింది.

"ఏమయ్యా! ఆ రాత్రి ఆ గోడ మీద నువ్వు ఏం చూశావు?" అన్నాను.

"అరచేతి గుర్తమ్మా."

"అది కాదు. ఏం చూశావు?"

"నీలం వెలుగు" అన్నాడు.

"మరి రక్తం అని ఎందుకు రాశావు?"

లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆయన కళ్లు దించుకున్నాడు.

"అనుకున్నాను..." అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ గుమ్మంలో నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నేను అలసిపోయాక కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విడమరిచి చెప్పాడు.

ఆ మందు రక్తం తగిలితే వెలుగుతుంది. బ్లీచింగ్ పౌడర్ తగిలినా వెలుగుతుంది. రక్తమైతే వెలుగు నిదానంగా వచ్చి కాస్సేపు నిలబడుతుంది. బ్లీచింగ్ అయితే గబుక్కున వెలిగి గబుక్కున పోతుంది. "ఆ రాత్రి అది గబుక్కున పోయిందక్కా. నాకు అప్పుడే తట్టాల్సింది."

ఇంకో తేడా కూడా ఉంది. బ్లీచింగ్ కొన్నాళ్లకు గాలిలో కలిసిపోతుంది. రక్తం ఏళ్ల తరబడి ఉంటుంది.

"అంటే... ఇప్పుడు మళ్లీ చల్లితే?"

"గోడ వెలిగితే నీ తమ్ముడు ఇంటికి రాడు. వెలక్కపోతే..." ఆయన ఆగాడు. "నేను రాసింది తప్పు. మళ్లీ చల్లి చూడాలని ఇప్పుడే కోర్టుకు రాసిస్తాను."

రాసిచ్చాడు. ఉద్యోగంలో ఇంకా ఎనిమిది నెలలే మిగిలాయి. పైవాళ్లు ముఖం మీదే తిట్టారట. తోటివాళ్లు మాట్లాడటం మానేశారట. అయినా రాసిచ్చాడు.

అప్పటికే మేనల్లుడు మేడ పడగొట్టిస్తానని అర్జీ పెట్టాడు. దెయ్యాల కొంప, ఎవరూ అద్దెకు రారు, సీలు తీసి నాకివ్వండి అని. జడ్జిగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. పడగొట్టే ముందు మెట్ల గోడ మీద మళ్లీ మందు చల్లి చూడమని, ఒక్క రాత్రి ఇచ్చారు.

ఒక్క రాత్రే...

ఆ పనికి కటిక చీకటి కావాలి. వీధి మొత్తానికి కరెంటు తీయించారు. కిటికీలన్నిటికీ లోపలినుంచి నల్ల గుడ్డ కట్టారు, పైగదికి తప్ప. పైగది తాళం టీచరమ్మ చనిపోయిన రోజునుంచి తీయలేదు. తాళంచెవి ఎప్పుడో పోయిందని మేనల్లుడు చెబితే, పోలీసులు ఆ తాళం మీదే సీలు వేసి వదిలేశారు. పైకి పోయే ఉత్తర్వు కూడా లేదు. మెట్ల గోడ, మెట్ల కింద నేల, అంతవరకే.

ముగ్గురు రావాల్సింది ఇద్దరే వచ్చారు. కవర్లాయన, ఒక కానిస్టేబులమ్మ. మూడో మనిషి బండి దారిలో ఆగిపోయింది. ఆ మనిషి గేటు దగ్గర కూర్చుని పుస్తకం రాయాలి. ఎవరు లోపలికి పోయారు, ఎవరు వచ్చారు, ఎన్ని గంటలకు, బయట ఏం కనిపించింది, అంతా. ఆ పుస్తకం లేకపోతే లోపల చేసిన పని చెల్లదు. నేను లోపలికి పోకూడదు. కానీ ఇంట్లో ఏం తేలుతుందో తెలియకుండా మా గదిలో కూర్చోలేక గేటు బయట తిరగేసిన రంగు డబ్బా మీద సాయంత్రం నుంచీ కూర్చునే ఉన్నాను.

కవర్లాయన ఫోనులో పైవాళ్లను అడిగాడు. ఒప్పించాడు. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"రాయడం వచ్చు కదక్కా. మొదటి పేజీలో నువ్వెవరో రాయి. దాచకు."

రాశాను: 'ముద్దాయి అక్క.'

"కనిపించింది రాయి. టైము వేయి. అంతే."

"నాకు చెబుతున్నావా నువ్వు?" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. కానిస్టేబులమ్మ తన చేతి గడియారం విప్పి నాకిచ్చింది. "పెద్దమ్మా, భయమేస్తే పిలువు" అంది. గొంతు చూస్తే భయం తనకే ఉంది.

పన్నెండూ నలభైకి లోపలికి పోయారు. రాశాను.

తలుపు మూశారు.

చీకటి. అట్లాంటి చీకటి నేను బొగ్గు గోదాములో పని చేసినప్పుడు కూడా చూడలేదు. వీధిలో ఒక్క దీపం లేదు. ఎదురుగా వెల్డింగ్ షాపు, రేకు దించి ఉంది. ఎక్కడో కుళాయి కారుతోంది... టప్... టప్... అది కూడా ఆగిపోయింది.

చిన్న టార్చి ఒళ్లో పెట్టుకున్నాను. రాసేటప్పుడే వెలిగించాలని నిబంధన.

ఒంటిగంట అయింది. ఏ చప్పుడూ లేదు. నా తమ్ముడి చేయి గుర్తొచ్చింది. ఆ సగం వేలితో వాడు చిన్నప్పుడు నన్ను గిల్లేవాడు. గోడా, వెలక్కు... అని లోపల లోపల అనుకుంటున్నాను. గోడను బతిమాలడం నాకు అదే మొదలు. ఎనిమిదేళ్లలో మనుషులందరినీ బతిమాలేశాను, ఇక గోడే మిగిలింది.

సైకిల్ చప్పుడు.

వీధి మొదట్నుంచి ఎవరో వస్తున్నారు. లైటు లేదు. నెమ్మదిగా... నెమ్మదిగా... నా ముందునుంచి పోతూ ఆగారు. ఒక కాలు నేల మీద ఆనించారు. ముఖం కనిపించలేదు. తల ఎత్తి పైకి చూస్తున్నట్టు మాత్రం తెలిసింది.

నేనూ తల ఎత్తాను.

పై కిటికీలో వెలుగు.

నీలం. మంట కాదు, దీపం కాదు. ఒక మూల నుంచి నీళ్లలా పాకుతూ వచ్చింది... కిటికీ అడుగున, చట్రం పొడుగునా నిలబడింది. నేను లెక్కపెట్టాను. ఒకటి... రెండు... మూడు... పదకొండు దాకా. అప్పుడు ఆరిపోయింది.

సైకిల్ తొక్కుకుంటూ పోయిన చప్పుడు. ఆ మనిషి వెనక్కి చూడలేదు.

వీపు మీద చల్లటి చేయి ఎవరో పెట్టినట్టయింది. అయినా నాకు దెయ్యం తలపుకు రాలేదు, నిజం చెబుతున్నాను. నాకు వచ్చింది ఇంకో భయం. వీళ్లు పైకి కూడా పోయి మందు చల్లారు... వెలిగింది... అది నిదానంగా వచ్చింది... నిలబడింది...

రక్తం.

నా తమ్ముడు ఇక రాడు.

టార్చి వెలిగించి గడియారం చూశాను. రాశాను: 'ఒంటిగంటా ఇరవై. పై కిటికీలో నీలం వెలుగు. పదకొండు లెక్కపెట్టేంతసేపు. ఒకరు సైకిల్ మీద, ఆగి చూశారు, ముఖం తెలియలేదు.'

అదే సమయానికి లోపల ఏం జరిగిందో తర్వాత కానిస్టేబులమ్మ చెప్పింది. ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ముందు మెట్ల కింద నేల మీద చల్లారట. టీచరమ్మ పడి ఉన్న చోటు, అక్కడ రక్తం ఉందని అందరికీ తెలుసు. మందు పనిచేస్తోందా లేదా అని చూడటానికి. నేల నిదానంగా వెలిగిందట. నిలబడిందట. ఎనిమిదేళ్ల తర్వాత కూడా. ఆమెకు ఏడుపొచ్చిందట, ఎవరో అక్కడ ఇంకా పడుకున్నట్టే ఉందని.

తర్వాత గోడ.

కవర్లాయన కెమెరా స్టాండు మీద పెట్టి, దాని కన్ను తెరిచి ఉంచి, చల్లాడట. కదలకూడదు, మాట్లాడకూడదు. ముప్పై లెక్కపెట్టాలి. ఆమె చేతిలో స్టాప్‌వాచ్.

గోడ నల్లగానే ఉంది.

పది... పదిహేను... చుక్క వెలుగు లేదు.

ఇరవై దగ్గర, పైనుంచి చప్పుడు వచ్చిందట.

టక్.

మెట్టు మీద ఏదో పడింది. ఇంకో మెట్టు. టక్... ఇంకో మెట్టు... దొర్లుకుంటూ... చీకట్లో కిందికి వస్తోంది. ఆమె కేక వేయబోతే కవర్లాయన గుసగుసగా, "కదలకమ్మా... లెక్క ఆపకు" అన్నాడట. ఇరవై ఐదు... ఇరవై ఆరు... అది చివరి మెట్టు దిగి, ఆయన బూటుకు తగిలి ఆగింది.

ముప్పై.

టార్చి వేశారు. దారపు రీలు. తెల్ల దారం. కొస పైకి మెట్ల మీదుగా పోయి, సీలు వేసిన తలుపు కింద సందులోకి దూరింది.

"సార్... వెళ్లిపోదాం సార్" అందట ఈమె.

"ఎలుక అయ్యుంటుంది" అన్నాడట ఆయన. అన్నాడే గానీ, ఎలుక అని రాయలేదు. రీలు పక్కన నంబరు కార్డు పెట్టాడు. స్కేలు పెట్టాడు. ఫొటో తీశాడు. దారం కత్తిరించి, జేబులోంచి కాగితపు కవరు తీసి, రీలు అందులో వేసి సంతకం పెట్టాడు. 'మెట్ల కింద దారపు రీలు. ఎలా వచ్చిందో తెలియదు.'

ఒంటిగంటా నలభై ఐదుకు బయటికి వచ్చారు.

కవర్లాయన నా దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వెలగలేదక్కా."

"ఏంటి?"

"గోడ వెలగలేదు. ఒక్క చుక్క కూడా. నీ తమ్ముడు చెప్పింది నిజం. అది బ్లీచింగే."

ఏడ్చానో నవ్వానో నాకు తెలియదు. కానిస్టేబులమ్మ నన్ను పట్టుకుని ఊపేస్తోంది. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని అన్నాను, "మరి పైన వెలిగింది కదయ్యా! చూసి నా గుండె జారిపోయింది."

ఇద్దరూ ఆగిపోయారు.

"పైనా?"

"పైగదిలో. మీరు చల్లారు కదా."

ఆయన నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని టార్చి వెలుగులో చదివాడు. మళ్లీ చదివాడు.

"అక్కా... మేం పైకి పోలేదు."

"సీలు అలాగే ఉంది పెద్దమ్మా" అని గొణిగింది కానిస్టేబులమ్మ. "నేనే చూశాను."

ముగ్గురం తలలెత్తి ఆ కిటికీ వైపు చూశాం. నల్లగా ఉంది. అద్దంలో ఏమీ లేదు.

కానిస్టేబులమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "పెద్దమ్మా, ఆ కాగితం చింపేయ్. ఆ లైను ఉంటే అవతలి లాయరు ఊరుకుంటాడా? 'వెలుగు కనిపించిందని ముద్దాయి అక్కే రాసింది, వీళ్లు దాచేస్తున్నారు' అంటాడు. గోడ వెలగలేదన్న మాట ఎవరూ నమ్మరు. చేతికొచ్చిన తమ్ముణ్ని పోగొట్టుకుంటావు."

"పేజీలకు నంబర్లున్నాయి" అన్నాను.

"టీ ఒలికిందని చెబుదాం."

కవర్లాయన వైపు చూశాను. ఆయన పుస్తకం నా ఒళ్లో పెట్టి దూరంగా జరిగాడు.

"నేనేమీ చెప్పను. రాసింది నీ చేయి" అన్నాడు.

ఆ క్షణం ఆయన్ని కొట్టాలనిపించింది. ఎనిమిదేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. జైలు గేటు ముందు ఎండలో నిలబడి నిలబడి నా నీడ నాకే విసుగెత్తింది. ఒక్క కాగితం. చర్రున లాగితే పోతుంది.

కానీ ఏ ముఖం పెట్టుకుని లాగను? ఈయన గుమ్మంలో నిలబడి 'నువ్వు చూసింది ఏంటి' అని వీధి వీధంతా వినేలా అరిచినదాన్ని నేనే. చూడనిది రాయడం ఎంత తప్పో, చూసింది చింపడమూ అంతే. నాకు అక్షరాలు వచ్చింది చింపడానికా?

"పదమ్మా" అన్నాను. "పుస్తకం కట్టేయండి. సీలు వేయండి."

కానిస్టేబులమ్మ నుదురు కొట్టుకుంది.

ఆమె అన్నంతా అయింది. అవతలి లాయరు పుస్తకం గాల్లో ఊపాడు. "పై కిటికీలో నీలం వెలుగు, పదకొండు లెక్కపెట్టేంతసేపు! రాసింది ఎవరు? ముద్దాయి సొంత అక్క! పైగదిలో వెలిగిందంటే ముద్దాయి అక్కడే కొట్టాడు. ఆ గది తెరిపించండి, నా కళ్లముందు చల్లించండి" అని బల్ల గుద్దాడు.

వెనక బెంచీలో మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. ఆ మాట వినగానే లేచాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయటికి పోయాడు. వాడి తరఫున మాట్లాడుతున్నాననుకున్న లాయరు వెనక్కి తిరిగి చూసేసరికి బెంచీ ఖాళీ.

జడ్జిగారు సరేనన్నారు. మర్నాడు రాత్రి సీలు పగలగొట్టారు. తాళం కోశారు. లోపల దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదట. ఎలుక కాళ్లవి కూడా లేవట. కుట్టుమిషను, దాని పక్కన దారపు కొస.

చల్లారు.

గది నేలంతా వెలిగింది. తడిగుడ్డతో తుడిచిన చారలు చారలుగా. కిటికీ అడుగున, చట్రం మీద... ఒక అరచేయి. నిదానంగా వచ్చింది, నిలబడింది.

ఐదు వేళ్లు. ఐదూ నిండుగా.

ఈసారి దూదిని ఆరబెట్టారు. కాగితంలో చుట్టారు. ల్యాబు వాళ్లు రక్తమేనని రాశారు. చేతి గీతలు ఎవరివో తేల్చారు. మేనల్లుణ్ని రెండు రోజులకు బస్టాండులో పట్టుకున్నారు. ఇల్లు రాసివ్వమని గొడవ, ఇస్త్రీ పెట్టెతో ఒక్క దెబ్బ. తర్వాత టీచరమ్మను మోసుకొచ్చి మెట్ల కింద పడేశాడు. మోసే ముందు ఆ కిటికీ చట్రం మీద చేయి ఆనించి, వీధిలో ఎవరైనా ఉన్నారా అని తొంగి చూశాడట.

నీలం వెలుగు కథ కూడా వాడిదే. ఆ మొదటి రాత్రి క్లూస్ టీమ్ మందు చల్లుతుంటే గుమ్మంలోంచి చూశాడు. ఆ రంగు వాడి బుర్రలో ఉండిపోయింది. ఎవరూ ఆ మేడ దరిదాపులకు రాకూడదని వీధంతా పుట్టించాడు. "వెలుగూ లేదు, దెయ్యమూ లేదు. ఎనిమిదేళ్లలో ఒక్క రాత్రి కూడా అక్కడ ఏమీ కనిపించలేదు. నేను ఊరికే చెప్పాను" అని పోలీసుల ముందు ఒప్పుకున్నాడు.

నా తమ్ముడు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చుట్టూ చూసి, గోడ మీద చేయి వేశాడు.

"ఏంటక్కా, ఈ గోడకు సున్నం వేసి ఎన్నాళ్లయింది? సిగ్గు లేదా నీకు?" అన్నాడు.

"నువ్వు లేవు కదరా సన్నాసీ, ఎవడు వేస్తాడు!" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

కవర్లాయన ఉద్యోగం దిగిపోయాక ఒకసారి వచ్చాడు. నేను వదల్లేదు.

"వాడు చెప్పింది అబద్ధం, సరే. మరి నేను చూసిందేంటయ్యా?"

"ఎదురుగా వెల్డింగ్ షాపు ఉంది కదా. ఆ మెరుపు అద్దంలో పడిందేమో."

"అడిగి వచ్చాను. ఆ రాత్రి వీధి మొత్తానికి కరెంటు తీయించింది నువ్వే."

ఆయన జేబులోంచి ఒక కాగితపు కవరు తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు. 'పై కిటికీ. ఒంటిగంటా ఇరవై. నీలం వెలుగు. కారణం తెలియదు.' సంతకం పెట్టి నాకిచ్చాడు. లోపల ఏమీ లేదు. అది నా పెట్టెలోనే ఉంది.

నాకిప్పుడు డెబ్భై దాటాయి. కళ్లు మసకబారుతున్నాయి. ముసలిదానికి ఏదో కనిపించిందిలే అని నా తమ్ముడు కూడా అంటున్నాడు, ముఖం మీదే. అనుకోనీ. కానీ ఆ రాత్రి ఆ వీధిలో నేనొక్కదాన్నే లేను. పుస్తకంలో ఉంది చూసుకో. ఒకరు సైకిల్ మీద, ఆగి చూశారు.

ఆ వీధిలో సైకిల్ తొక్కే ప్రతివాణ్నీ అడిగాను. నేను కాదంటే నేను కాదన్నారు. ఇక నిన్నే అడగాలి.

లైటు లేని సైకిల్ మీద, ఒక కాలు నేలకు ఆనించి, నాకంటే ముందు తల ఎత్తింది నువ్వే కదా? చెప్పు. దెయ్యమని చెప్పకు, భ్రమ అనీ చెప్పకు. ఆ కిటికీలో, ఆ వెలుగు వెనక... నువ్వు ఏం చూశావు?